పోలోకి కొత్త అల్లాయ్‌లు, స్ప్రింగుల సంగతి

హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్‌రా? పిల్లలు బాగున్నారా? మొన్న ఫోన్లో సగంలో ఆపేసిన నా పోలో కారు కథ తీరిగ్గా రాస్తున్నా.

అల్లాయ్ చక్రాలు కొనేశాను. కంపెనీ 15 అంగుళాలవి తీసి 16 వేయిస్తున్నా. షాపులో కుర్రాడు టైరు పైన ఖాళీలోకి నాలుగు వేళ్లు దూర్చి చూపించి, "అన్నా, లోయరింగ్ స్ప్రింగులు కూడా వేసేద్దాం, 35 మిల్లీమీటర్లు దిగుతుంది, లుక్కే మారిపోతుంది" అన్నాడు. నిజమేరా, మారిపోతుంది. లుక్కే కాదు, బండి బరువు నేలకి దగ్గరవుతుంది, స్ప్రింగు గట్టిగా ఉంటుంది, మలుపులో ఒరగడం తగ్గుతుంది. ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే ఆ తేడా హాయిగా తెలుస్తుంది. నాకూ మనసు లాగింది.

కానీ నేను రోజూ తిరిగేది ఔటర్ మీద కాదు కదా. స్పీడ్‌బ్రేకర్ అంటే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్క ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన గల్లీల్లో ఇంటికో సిమెంటు గట్టు! పోలో కింద నేలకి ఉండే ఖాళీయే సుమారు 165 మిల్లీమీటర్లు. అందులో 35 పోతే 130. అమ్మానాన్నలు, అక్కావాళ్లు ఎక్కితే అదీ మిగలదు.

అంతకంటే మా సెల్లార్ ర్యాంపు. నాన్నని మెల్లగా ఎక్కించమని నేను పక్కన వంగి చూశాను. ముందు చక్రాలు పైకొచ్చి, వెనకవి ఇంకా వాలులో ఉన్నప్పుడు బండి పొట్ట సరిగ్గా ర్యాంపు అంచు మీదకి వస్తుంది. ఆ సందులో నా అరచెయ్యి పడుకోబెడితే పట్టింది, పిడికిలి పట్టలేదు. స్ప్రింగులు వద్దని అక్కడే నా నిర్ణయం అయిపోయింది.

ఇంకోటి, కంపెనీ షాక్ అబ్జార్బర్లు కంపెనీ స్ప్రింగు ఎత్తుకి చేసినవి. స్ప్రింగు ఒక్కటే పొట్టిదైతే వాటికి కదిలే చోటు తగ్గి, గుంట పడ్డప్పుడల్లా బంప్ స్టాపుకి (చివర్లో ఆపే రబ్బరు దిమ్మకి) కొట్టుకుంటాయి, త్వరగా పాడైపోతాయి. వేస్తే రెండూ కలిపి వెయ్యాలి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. బండిని కంపెనీ ఇచ్చినదానికి తేడాగా మార్చొద్దనే సెక్షన్ 52 మోటారు వాహనాల చట్టంలో ఉండనే ఉంది, ఇన్సూరెన్స్ దగ్గర వాదన ఎవడు పెట్టుకుంటాడు?

మరి ఆ ఖాళీ? టైరు సైజుతోనే కొంత సర్దాను. నా పాతవి 185/60 ఆర్15 (వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో గోడ ఎత్తు శాతం, రిమ్ము అంగుళాలు), మొత్తం ఎత్తు 603 మిల్లీమీటర్లు. ఇప్పుడు 195/55 ఆర్16 తీసుకున్నా, 621. తర్వాత వచ్చిన పోలో జీటీ మోడళ్లకి కంపెనీవాడే ఇచ్చిన సైజు. పైన ఖాళీ 9 మిల్లీమీటర్లు పూడుతుంది, కింద బండి 9 లేస్తుంది. ర్యాంపుకీ మంచిదే, టైరు పక్కగోడ ఎత్తు కూడా దాదాపు పాతంతే కాబట్టి గుంటల్లో రిమ్ముకి భయం లేదు. మీటరు మాత్రం పాతదానికంటే 3 శాతం తక్కువ చూపిస్తుంది, ఔటర్ మీద 120 దాటకుండా అది గుర్తుపెట్టుకోవాలి.

అన్నట్టు, నా పాత చక్రాలు నీ స్విఫ్ట్‌కి అడిగావు. కుదరవురా. పోలోకి 5 బోల్టులు, స్విఫ్ట్‌కి 4. నీకు 4x100 పీసీడీ (100 మిల్లీమీటర్ల వలయంలో 4 బోల్టులు), 54.1 మిల్లీమీటర్ల సెంటర్ బోర్ (మధ్య రంధ్రం) ఉన్నవి కావాలి. చక్రం వెనక వైపు ఈటీ అని, చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే ఒక అంకె పోతపోసి ఉంటుంది, అది నీ కంపెనీ చక్రం మీదది చూసి ఫోటో పంపు. ఆ అంకె మరీ తగ్గితే టైరు బయటికొచ్చి ఫెండర్‌కి రాసుకుంటుంది. ఫోటో రాగానే ఇక్కడ వెతుకుతాను.

నీ
రఘు