అక్టోబర్ 12 సెలవు: రెండు పేర్లు, ఒక అట్టముక్క

తల్లిదండ్రులకు నమస్కారం.

ముందుగా అందరూ అడుగుతున్న సంగతి. అక్టోబర్ 11 ఆదివారం మన తెలుగు బడి ఉంది. లాంగ్ వీకెండ్ కదా అని ఊరెళ్లేవాళ్లు శుక్రవారం లోపు గ్రూపులో ఒక మాట చెప్పండి. 12 సోమవారం ఫెడరల్ సెలవు. మామూలు పోస్టు రాదు, బ్యాంకులు చాలావరకు మూసే ఉంటాయి, స్టాక్ మార్కెట్ మాత్రం నడుస్తుంది. పబ్లిక్ స్కూళ్ల సంగతి డిస్ట్రిక్టును బట్టి ఉంటుంది. పక్క టౌన్లో సెలవుందని మీకూ ఉందనుకోకండి. ఒక క్యాలెండర్లో 'కొలంబస్ డే' అనీ ఇంకోదాంట్లో 'ఇండిజినస్ పీపుల్స్ డే' (మూలవాసుల దినం) అనీ ఉంటే కంగారు పడకండి, రోజు ఒకటే.

రెండు పేర్లెందుకని పిల్లలు తప్పక అడుగుతారు. 1492 అక్టోబర్ 12న కొలంబస్ మూడు ఓడలు బహామాల్లోని ఒక దీవికి చేరాయి. 400 ఏళ్లు నిండాయని 1892లో అమెరికా అధ్యక్షుడు హారిసన్ దేశమంతా వేడుక చేయమన్నాడు. మన పిల్లలు స్కూల్లో చెప్పే 'ప్లెజ్ ఆఫ్ అలీజియన్స్' పుట్టింది ఆ వేడుక కోసమే. 1971 నుంచి ఈ సెలవు అక్టోబర్ రెండో సోమవారానికి మారింది. ఈ ఏడు ఆ సోమవారం సరిగ్గా 12నే పడింది.

రెండో పేరుకు కారణం దాచనక్కర్లేదు. 1495లో కొలంబస్ 500 మందికి పైగా టైనో ప్రజలను (ఆ దీవుల మూలవాసులను) బందీలుగా ఓడలెక్కించి స్పెయిన్‌కు పంపాడు. దాదాపు 200 మంది దారిలోనే చనిపోయారు. ఐదో తరగతి దాటినవాళ్లకు ఇది చెప్పొచ్చు. చిన్నవాళ్లకైతే 'ఆయన రాకముందే ఇక్కడ మనుషులున్నారు, మనముంటున్న న్యూజెర్సీ లెనాపే వాళ్ల నేల' అంటే చాలు. మనం చిన్నప్పుడు పాఠాల్లో చదివిన 'రెడ్ ఇండియన్లు' అనే మాట మాత్రం ఇంట్లో మానేయండి. ఇక్కడ అది తిట్టు కిందే లెక్క.

అసలు వాళ్లను ఇండియన్లని పిలవడం ఒక లెక్క తప్పు. భూమి చుట్టుకొలతలో ఒక డిగ్రీ, అంటే 360వ వంతు, దాదాపు 111 కిలోమీటర్లు. కొలంబస్ దాన్ని సుమారు 84గా పట్టుకున్నాడు. భూమి అలా చిన్నదైపోయి, ఆసియా దగ్గరే ఉందనిపించింది, చేరింది అక్కడికేననుకున్నాడు. సోమవారం రాత్రి పిల్లలతో ఆ డిగ్రీలే కొలిపిద్దాం. ధ్రువ నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే, మనం భూమధ్యరేఖకు దాదాపు అన్ని డిగ్రీలు ఉత్తరాన ఉన్నట్టు.

గట్టి అట్ట మీద పది అంగుళాల వ్యాసార్ధంతో పావు వృత్తం గీసి కత్తిరించండి. ఒక తిన్నని అంచు పొడవునా స్ట్రా అంటించండి. వంపు మీద కోణమానినితో డిగ్రీలు గుర్తుపెట్టండి: స్ట్రా ఉన్న అంచు 90, రెండో అంచు 0. మూలలో చిన్న చిల్లు పెట్టి అడుగు పొడవు దారం కట్టి, చివర ఇనుప వాషర్ వేలాడదీయండి. బటన్ కడితే తేలికైపోయి గాలికి ఊగుతూనే ఉంటుంది. కన్ను వంపు వైపు, మూల నక్షత్రం వైపు ఉండాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తిరగేసి పట్టుకుంటే దారం అట్ట దాటి బయట వేలాడుతుంది. నక్షత్రం స్ట్రాలో కనిపించాక, దారం కదలకుండా నిలిచేవరకు ఆగి, పక్కనున్నవాళ్లు దాన్ని అట్టకు వేలితో నొక్కి పట్టి అంకె చదవాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాయండి. పగలు దీంతో సూర్యుణ్ని చూడనివ్వకండి.

ధ్రువ నక్షత్రం అంటే ఆకాశంలో బాగా మెరిసేది అనుకుంటారు. కాదు, ఒక మోస్తరు వెలుగే. ఫోన్ కంపాస్‌తో ఉత్తరం చూసి వెతకండి. శనివారమే మహాలయ అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి సోమవారం వెన్నెల అడ్డు రాదు. మన దగ్గర 40 దరిదాపుల్లో రావాలి. రెండు డిగ్రీల తేడా మామూలే. 50 వస్తే అంకెలు అటూ ఇటూ వేశారన్నమాట. పెద్దవాళ్లకూ ఇలాంటివి తప్పలేదు: దాదాపు 21 డిగ్రీల దగ్గరున్న క్యూబా తీరంలో కొలంబస్ 42 అని రాసుకున్నాడు.

మనకు సాయంత్రం 7:30 అంటే హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారుజామున 5. రెండు చోట్లా చీకటే. అమ్మమ్మగారో తాతగారో అప్పటికే లేచి ఉంటారు కాబట్టి వాళ్లతోనూ ఒకటి చేయించి, వీడియో కాల్‌లో మేడ మీద నుంచి కొలవమనండి. అక్కడ 17 రావాలి. అంత కిందకు ఉంటుంది గనుక ఉత్తరం వైపు అపార్ట్‌మెంట్లు ఉంటే కనబడదు. రెండు అంకెల తేడాను 111తో హెచ్చిస్తే మన ఊరు హైదరాబాద్‌కు ఉత్తరాన ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 84తో కూడా హెచ్చించి, రెండు జవాబులూ తెలుగు అంకెల్లో రాసి 18న తేవాలి. అట్టముక్క మీద పేరు రాయడం మరవకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు