అమలాపురం నుంచి మీ మానసిక ఆరోగ్య నర్సు: వచ్చే నెల నుంచి ఫీజు, రౌండ్లు, నా పరిధి

మా దగ్గర ఇంటికొచ్చే నర్సింగ్ సేవ తీసుకుంటున్న కుటుంబాలన్నిటికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఫీజు పెరుగుతోంది. లెక్క కట్టే పద్ధతి కూడా మారుతోంది. ఫోన్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తే ఏదో ఒకటి మర్చిపోతాను, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఇప్పటిదాకా మీరు పిలిస్తే వచ్చేదాన్ని, వచ్చినప్పుడల్లా 400 రూపాయలు తీసుకునేదాన్ని. ఇకనుంచి నెలకు 1,500. అందులో రెండుసార్లు ఇంటికి రావడం, మధ్యలో ఒకసారి ఫోన్లో మాట్లాడటం, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేముందు మీ చేతికి ఒక పేజీ నోట్ రాసి ఇవ్వడం ఉంటాయి. మందుల ఖర్చు, రక్తపరీక్షల ఖర్చు మీవే. ఒకేసారి ఇవ్వలేనివాళ్ళు రెండు వాయిదాల్లో ఇవ్వండి. అదీ కష్టమైతే సేవ మానెయ్యకుండా నాతో ఒక్క మాట చెప్పండి, ఏదో ఒక దారి చూద్దాం.

పెంచడానికి పెట్రోలు ఒక కారణం, కొత్తగా ఒక మేల్ నర్సును పెట్టుకోవడం ఇంకో కారణం. మగ పేషెంట్లకు స్నానం చేయించాల్సి వచ్చినా, కోపంగా ఉన్నప్పుడు పక్కన నిలబడాల్సి వచ్చినా ఆ అబ్బాయి ఉంటే మీ ఇంట్లో ఆడవాళ్ళకూ ధైర్యం. అతనికి నెల జీతం సరిగ్గా అందాలి.

నెలవారీ పద్ధతి ఎందుకంటే, పిలిస్తే వెళ్ళే పద్ధతిలో మనిషి బాగున్నంతకాలం నన్నెవరూ పిలవడం లేదు. "ఇప్పుడు బానే ఉన్నాడండి, అవసరమైతే ఫోన్ చేస్తాం" అంటారు. బానే ఉన్నాడు కదా అని మాత్ర ఒకపూట వేసి ఒకపూట వదిలేస్తారు. తర్వాత ఏ రాత్రో ఫోన్ వస్తుంది, నాలుగు రోజుల నుంచి నిద్ర లేదు, ఒక్కడే మాట్లాడుకుంటున్నాడు, అన్నం ముట్టడం లేదు అని. మొదటిసారి వచ్చిన సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనిపోనివి నిజమని నమ్మడం) తగ్గాక కూడా మందు కనీసం ఏడాది, రెండేళ్ళు వాడమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. నేను ఆసుపత్రి వార్డులో ఉద్యోగం చేసిన రోజుల్లో నవ్వుతూ ఇంటికి వెళ్ళినవాళ్ళే మళ్ళీ అదే మంచం మీదకు రావడం చూశాను. డిశ్చార్జి రోజుకూ తర్వాతి ఓపీ రోజుకూ మధ్య ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూసేవాళ్ళు లేరు. ఆ మధ్యకాలంలో తోడుండాలనే ఉద్యోగం వదిలి సొంతంగా మొదలుపెట్టాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక జబ్బులున్నా చికిత్స అందనివాళ్ళు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేలింది. మన లంక గ్రామాల్లో తిరుగుతుంటే ఆ లెక్క నాకు ఆశ్చర్యమనిపించదు.

బాగున్నప్పుడు వచ్చి నేను చేసేదేమిటని కొందరు అడుగుతున్నారు, న్యాయమైన ప్రశ్నే. ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బుకు ఇచ్చే లిథియం మాత్ర వాడేవాళ్ళ సంగతే చూడండి. రక్తంలో ఆ మందు మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. తగ్గితే పనిచేయదు, బాగా పెరిగితే విషమవుతుంది. మన దగ్గర దాళ్వా కోతల నుంచి రోహిణి కార్తె దాకా ఎండలో పనిచేసే మనిషికి చెమటతో నీళ్ళూ ఉప్పూ పోతాయి. అప్పుడు కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. దానికి తోడు సాయంత్రం నడుం నొప్పని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే మందు ఇంకా పెరుగుతుంది. అందుకే ఎండాకాలం నేను వచ్చినప్పుడల్లా రెండు చేతులూ ముందుకు చాపించి, వేళ్ళ మీద ఒక తెల్ల కాగితం పెడతాను. కాగితం అంచు సన్నగా కదిలితే ఫైల్లో రాసుకుంటాను. కాగితం బాగా ఊగిపోతున్నా, వాంతులు, విరేచనాలు ఉన్నా, నడక తూలినా, మాట ముద్దగా వస్తున్నా అప్పటికప్పుడు డాక్టరుగారికి ఫోన్ చేసి, మిమ్మల్ని వెంటనే ఆసుపత్రికి బయల్దేరమంటాను. పరీక్షకు రక్తం తీయాల్సింది రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు. పొద్దున్న మాత్ర వేసుకుని ల్యాబుకు వెళ్తే వచ్చే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. నొప్పులకు ఏం వేసుకోవచ్చో ముందే డాక్టరుగారిని అడిగి, మీ ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెడతాను.

నెలకోసారి వేసే డిపో ఇంజెక్షన్లూ (ఒంట్లో మెల్లమెల్లగా విడుదలయ్యే మందు) అంతే. అలాంటి మందు ఫ్లూఫెనజిన్ నువ్వుల నూనెలో కలిపి ఉంటుంది, చిక్కగా ఉంటుంది. తడి లేని సిరంజిలోకి మెల్లగా ఎక్కించి, పిరుదు మీద చర్మాన్ని పక్కకు లాగిపట్టి లోతుగా వేయాలి. వేశాక కాసేపు ఆగి సూది తీస్తే మందు బయటికి కారదు. ఆ చోట రుద్దకూడదు. తర్వాత ఒకటి రెండు రోజులు మెడ పట్టేయడం, కళ్ళు పైకి తిరిగిపోవడం, కాలు నిలవనీయకపోవడం ఉంటే దయ్యం పట్టిందనుకోకండి. అది మందు వల్ల, దానికి విరుగుడు ఉంది. వెంటనే ఫోన్ చేయండి.

ఇక నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. "మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది, అక్కడ నర్సులే నరాల మందులు రాస్తారటగా, మీరెందుకు రాయరు, ప్రతిసారీ కాకినాడ, రాజమండ్రి తిరగలేకపోతున్నాం." అమ్మాయి చెప్పింది నిజమే. అక్కడ సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ అని ఉంటారు. నర్సింగ్ మీద మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చదివి, బోర్డు పరీక్ష రాసి, రాష్ట్రం లైసెన్సు తీసుకున్నవాళ్ళు. జబ్బు నిర్ధారణ చేస్తారు, మందులు రాస్తారు. సగానికి పైగా రాష్ట్రాల్లో సొంత క్లినిక్ కూడా నడుపుకోవచ్చు. టెక్సస్ లాంటి చోట్ల మాత్రం డాక్టరుతో ఒప్పందం ఉంటేనే మందు రాయగలరు. మన దగ్గర ఆ హోదా లేదు. మన నర్సింగ్ కౌన్సిల్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును క్రిటికల్ కేర్‌కు (ఐసీయూ వైద్యానికి) తెచ్చింది, మానసిక వైద్యానికి కాదు. నేను చదివింది సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య నర్సును వృత్తి నిపుణుల్లో ఒకరిగా గుర్తించింది, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు చేయించుకునే వీలు కల్పించింది. అదే చట్టం 106వ సెక్షన్, ఎవరి వృత్తికి అనుమతి లేని మందును వాళ్ళు సూచించకూడదంటోంది.

కాబట్టి నేను కొత్త మందు రాయను, డోసు పెంచను, తగ్గించను, "ఈ ఒక్కసారికి" అన్నా సరే. ఆ అధికారం మనకూ రావాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. వచ్చేదాకా నా పేషెంటు ప్రాణంతో నేను ప్రయోగం చేయను. బ్యాగులో మాత్రలు పెట్టుకుని అమ్మడం కూడా ఉండదు. చీటీ చూపించి మెడికల్ షాపులోనే తీసుకోండి. ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలు తెచ్చిపెట్టమని దయచేసి అడగకండి, అలవాటు పడితే మానడం ఎంత నరకమో రోజూ చూస్తున్నాను.

అన్నంలోనో టీలోనో కలిపి తెలియకుండా మందు పెట్టమని అడిగే అమ్మల బాధ నాకు తెలుసు. కానీ నేను ఆ పని చేయను. ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు, పైగా ఒక్కసారి తెలిసిపోతే ఆ పిల్లాడు ఇంట్లో మంచినీళ్ళు కూడా అనుమానంగా చూస్తాడు. అతనితో కూర్చుని మాట్లాడి ఒప్పించడానికి నాకు నాలుగు వారాలు ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఏం చేయాలో డాక్టరుగారితో కలిసి తేల్చుకుందాం. కట్టేసి ఉంచిన ఇంటికి వస్తే మాత్రం ముందు కట్లు విప్పాకే మిగతా మాటలు. గొలుసులు వేయడాన్ని ఆ 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. చట్టం అలా ఉంచండి, ఆ మణికట్టు మీద పుండు చూశాక ఇంకేం మాట్లాడగలం? గుడికో దర్గాకో తీసుకెళ్తే నాకు అభ్యంతరం లేదు. మాత్రలు వెంట తీసుకెళ్ళండి, అంతే.

పక్కింటివాళ్ళకు తెలుస్తుందని చాలామంది భయపడుతున్నారు. మా బండి మీద బోర్డు ఉండదు, బ్యాగు మీద పేరు ఉండదు. మీ ఇంటి సంగతి వియ్యాలవారి తరఫున ఎవరొచ్చి అడిగినా నా నోటి నుంచి రాదు, ఎంత దగ్గరివాళ్ళైనా సరే.

రాత్రి తొమ్మిది దాటాక ఇకమీదట ఇళ్ళకు రాము. ప్రాణం మీదకు తెచ్చుకునే మాటలు అంటున్నా, తాగుడు ఒక్కసారిగా మానేసిన మనిషికి రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రమలు, ఫిట్స్ వచ్చినా నా కోసం ఎదురుచూడకుండా 108కి చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కొట్టే పరిస్థితి ఉంటే 112. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

రౌండ్లు ఇలా ఉంటాయి. సోమ, మంగళవారాలు అమలాపురం, ముమ్మిడివరం వైపు. బుధవారం కొత్తపేట, రావులపాలెం. గురువారం రాజోలు, సఖినేటిపల్లి, అక్కడి నుంచి పంటు (బండ్లు ఎక్కించే పడవ) మీద గోదావరి దాటి నరసాపురం. శుక్రవారం రక్తపరీక్షలకు, డాక్టర్లకు నోట్లు రాయడానికి. గోదావరికి వరద వచ్చి పంటు ఆగిపోతే గురువారంవాళ్ళకు ముందురోజే ఫోన్ చేస్తాం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మాత్రం లంకల్లో ఉన్నవాళ్ళు కనీసం పదిహేను రోజుల మందులు ఇంట్లో ఎక్కువ ఉంచుకోండి.

నెలవారీకి మారేవాళ్ళు ఈ నెలాఖరులోగా మీకు వీలైన వారం, వేళ చెప్పండి. ఉదయం వేళలు ముందు ఇంజెక్షన్ పేషెంట్లకే ఇస్తాను.