శీర్షికలో దాచొద్దు మామా, చెప్పేయ్

తిరుపతి

మామా,

బాగుండావా? నీ వెబ్‌సైటు పేజీలకు పెట్టి నువ్వు పంపిన శీర్షికలన్నీ చదివినా. లోపల రాసిన సమాచారం చానా బాగుంది. అంత కష్టపడి రాసింది ఎవరూ తెరవకుండా పోతుందేమో అనేదే నా బాధ. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మొదటిదే చూడు: ‘శ్రీవారి భక్తులకు గుడ్ న్యూస్.. టీటీడీ కీలక నిర్ణయం’. శ్రీవారు, భక్తులు, టీటీడీ అనే మాటలు తిరుమల గురించి రాసే ప్రతి పేజీలోనూ ఉంటాయి. గుడ్ న్యూస్, కీలక నిర్ణయం అనేవి ఊరించే మాటలు. ఏ దర్శనం, ఎవరికి, ఎప్పటినుంచి? ఒక్కటీ లేదు. శీర్షిక మన బస్టాండులో బస్సు బోర్డు మాదిరి ఉండాల. కాణిపాకం అని రాసుంటే కాణిపాకం పోయేవాళ్ళే ఎక్కుతారు. మిగతావాళ్ళు ఎక్కలేదని బాధపడే పనిలేదు. ఊరించి ఎక్కించినోళ్ళు రెండు క్షణాల్లో దిగిపోతారు, ఇంకోసారి నీ పేరు కనబడినా ముట్టుకోరు.

రెండోది మన భాషతో వచ్చే చిక్కు. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది, ఫోన్లో తెగిపోయేదీ చివరే. ‘బ్రహ్మోత్సవాల నేపథ్యంలో తిరుమలలో వీఐపీ బ్రేక్ దర్శనాలను రద్దు చేస్తున్నట్లు ప్రకటించిన టీటీడీ’ అని పెట్టినావు కదా. దాంట్లో ప్రాణమంతా ‘రద్దు’లో ఉంది. ఫోన్లో ‘వీఐపీ బ్రేక్ దర్శనాలను...’ దగ్గరే కోసేస్తే పెంచినారో ఆపినారో ఎట్లా తెలుస్తుంది? ‘బ్రేక్ దర్శనాలు రద్దు: బ్రహ్మోత్సవాల 9 రోజులూ’ అని తిప్పి రాయి. ఇప్పుడు తోక తెగినా విషయం నిలబడుతుంది. ఇంకో మెట్టు కూడా ఉంది. స్వయంగా వచ్చే ప్రోటోకాల్ ప్రముఖులకు మినహాయింపు ఇచ్చుంటే ఉత్త ‘రద్దు’ అనడం పూర్తి నిజం కాదు. ‘సిఫార్సు లేఖలకు బ్రేక్ దర్శనాలు లేవు’ అంటే లేఖ చేతపట్టుకుని బయల్దేరబోయేవాడికి సూటిగా తగులుతుంది. క్రియ స్థానంలో రద్దు, మొదలు, పెంపు, గడువు లాంటి పేరుమాటలు వాడితే చోటూ మిగులుతుంది. ‘నేపథ్యంలో’, ‘సందర్భంగా’, ‘చేస్తున్నట్లు’ అనేవి పేపర్ల నుంచి మనకు అంటుకున్నవి. చూసిన చోటల్లా కొట్టేయ్.

పొడుగెంత అని అడిగినావు. ఇంగ్లీషు వాళ్ళు చెప్పే 60 అక్షరాల లెక్క మనకు పనికిరాదు. గూగుల్ అక్షరాలు లెక్కపెట్టి కోయదు, తెరమీద పట్టే వెడల్పును బట్టి కోస్తుంది. పైగా ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే గానీ కంప్యూటర్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. కాబట్టి లెక్కపెట్టే టూల్స్ పక్కనపెట్టి ఏడెనిమిది మాటల్లో తేల్చు, మొదటి నాలుగు మాటల్లోనే సంగతి పడేటట్టు చూడు. తర్వాత మామూలు చిన్న ఫోన్లో చూసుకో, లింకు వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకుని కూడా చూడు. అక్కడ కనబడేది ఓజీ టైటిల్, అంటే లింకు పంపినప్పుడు కనబడాలని పేజీ కోడ్‌లో విడిగా రాసే పేరు. గూగుల్ కోసం రాసే పేజీ టైటిల్ ట్యాగ్, పేజీ తెరిచినాక లోపల పెద్దగా కనబడే హెచ్1 శీర్షిక, ఈ ఓజీ టైటిల్ మూడూ వేర్వేరు చోట్ల ఉంటాయి. మాటలు కొంచెం మారినా పరవాలేదు, అర్థం మాత్రం మారకూడదు. టైటిల్ పేజీకి సరిపోలేదనిపిస్తే గూగులే హెచ్1 నుంచో ఇంకెక్కడినుంచో తీసుకుని వేరే టైటిల్ చూపిస్తుంది. 2021 ఆగస్టులో ఆ పద్ధతి మార్చినప్పటినుంచి ఇది బాగా కనబడతా ఉంది.

లింకు అడ్రసు మాత్రం తెలుగు లిపిలో పెట్టొద్దు. ‘తిరుపతి’ అనే మాటలో కంప్యూటర్ లెక్కకు ఏడు గుర్తులు. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలై కూర్చుంటుంది. ఒక్క ఊరి పేరుకే 63! చూసినోళ్ళు ఏదో వైరస్ లింకు అనుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలు చాలు.

జనం వాడే మాట ఏదో పట్టుకోవడమే అన్నిటికంటే పెద్ద పని. ‘ప్రత్యేక ప్రవేశ దర్శనం’ అనేది ఆఫీసు పేరు. ఇంట్లో వాళ్ళు ‘300 రూపాయల టికెట్లు’ అంటారు. శీర్షికలో జనం మాట, మొదటి పేరాలో ఆఫీసు పేరు పెట్టు, రెండు రకాలుగా వెతికేవాళ్ళూ దొరుకుతారు. టికెట్లా, టిక్కెట్లా, టోకెన్లా అని సందేహమొస్తే గూగుల్ ట్రెండ్స్‌లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని పక్కపక్కన పెట్టి చూడు. గూగుల్ పెట్టెలో సగం మాట కొట్టి ఆగితే కింద వచ్చే సూచనలు కూడా చదువు. ‘నేడు’, ‘రేపు’ వద్దు. పేజీ ఆరునెలలు తిరుగుతానే ఉంటుంది, చదివేవాడికి ఏ రేపో తెలీదు. నెల, తేదీ రాయి. అంకెలు మారనివైతే ధైర్యంగా పెట్టు: ‘శ్రీవారి మెట్టు దారి: 2388 మెట్లు, అలిపిరి: 3550. పెద్దవాళ్ళకు ఏది మేలు?’ టోకెన్లు ఇచ్చే చోట్లు మారుతుంటాయి కాబట్టి అవి శీర్షికలో ఇరికించకు, లోపల ఏ తేదీకి సరిచూసినావో రాయి.

ప్రశ్నార్థకం గురించి గట్టిగా చెప్తా. పైన మెట్ల మాదిరి లోపల జవాబు ఇచ్చే ప్రశ్నైతే మంచిదే. ‘కొండమీద అపచారం?’ అని ఒక పుకారుకు గుర్తు తగిలించి వదలడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వాట్సాప్‌లో లింకు తెరిచేవాళ్ళు కొందరే, శీర్షిక మాత్రం అందరూ చదువుతారు. ‘అలా జరగలేదు’ అని లోపల నువ్వెంత రాసినా, తెరవనివాళ్ళ మనసులో అపచారమే మిగిలిపోతుంది. ‘ఆరోపణ’ అనే మాట లోపల ఉంటే శీర్షికలోనూ ఉండి తీరాల, చోటు చాలదని తీసేయకూడదు.

యూట్యూబ్ సంగతి కొంచెమే. టైటిల్ 100 అక్షరాలకు మించనీయరు, ఆ వందలో మన గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనబడే బొమ్మ) మీద టైటిల్ మాటలే మళ్ళీ రాయొద్దు. కుడివైపు కింది మూల నిడివి అంకె వచ్చి కప్పేస్తుంది, అక్కడ ఏమీ పెట్టకు.

శీర్షిక పెట్టినాక పనిచేసిందో లేదో సెర్చ్ కన్సోల్‌లో చూడు. నీ పేజీ గూగుల్‌లో ఎన్నిసార్లు కనబడిందో, ఎంతమంది నొక్కినారో చూపించే గూగుల్ టూల్ అది. వెతికినప్పుడు నీ పేజీ వచ్చే సగటు స్థానం మొదటి అయిదారులో ఉండి, చానాసార్లు కనబడి, క్లిక్కులు రాకపోతే ముందు శీర్షికను అనుమానించు. టైమింగ్స్ లాంటి చిన్న జవాబులు గూగుల్ పైనే చూపించేస్తే మాత్రం క్లిక్కులు ఎట్లాగూ తగ్గుతాయి. స్థానం ముప్పై దాటి ఉంటే శీర్షిక మార్చి లాభంలేదు, లోపల విషయమే చాలలేదని. మార్చేటప్పుడు శీర్షిక ఒక్కటే మార్చు, లింకు కదిలించకు. రెండు మూడు వారాలు ఆగి ముందటి వారాలతో పోల్చు. బ్రహ్మోత్సవాల వారాన్ని మామూలు వారంతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

మామిడి పేజీకి ‘మామిడి రైతుల కన్నీళ్ళు’ అన్నావు. బాధ నిజమే. కానీ కాయ కోయాలా ఆగాలా అని ఫోన్ తెరిచే రైతుకు దాంట్లో ఏముంది? ‘తోతాపురి ధర: ఫ్యాక్టరీలో ఎంత, మండీలో ఎంత’ అని పెట్టి, కిందనే తేదీ వేయి. బెంగళూరా అని వెతికేవాళ్ళ కోసం ఆ పేరు మొదటి వాక్యంలో రానీ. దానికే ఇంకో పది శీర్షికలు రాయి. మొదటి నాలుగైదు ఎక్కడో విన్నట్టే ఉంటాయి, ఆ తర్వాతే నీవి మొదలవుతాయి. పదీ పైకి చదివి, నోటికి తడబడేవి కొట్టేసి, మిగిలినవి ఆదివారం లోపల పంపు. కాయ కోతకు రాకముందే పేజీ పైకెక్కాల.

ఉంటా మామా. అమ్మను అడిగినట్టు చెప్పు.