గేమ్స్ ఆడే పిల్లలకి కన్సోల్ కాదు సిస్టమ్ కొనమని మీరు రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మాది రాయగడ. పేరుకి ఒడిశాయే గాని మా వీధిలో పొద్దున్న చాలా ఇళ్ళ గుమ్మాల్లో పడేది తెలుగు పేపరే. అయితే ఆ పేపర్ చదివేది అమ్మానాన్నలూ తాతలూనే, పిల్లలు ఒడియా మీడియమో ఇంగ్లీష్ మీడియమో చదూతారు, తెలుగు గడగడా మాట్లాడతారు గాని అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా. గేమ్స్ గురించి పిల్లలకి తెలిసేదంతా యూట్యూబ్‌లో హిందీలోనో ఇంగ్లీష్‌లోనో తెలుస్తుంది, డబ్బు తీసి కొనాల్సిన నాన్నకి తెలిసేది మాత్రం మీరు రాసిందే, మీరేమో గేమ్ అనగానే ఎవడో అప్పులపాలైన వార్తో, కుర్రాడు చదువు మానేసిన వార్తో వేస్తారు. అలాంటివి జరగట్లేదని నేను అనను, జరుగుతున్నాయి, రాయాలి కూడా. కానీ అదొక్కటే రాస్తే మా నాన్నల వయసు వాళ్ళకి రమ్మీ యాప్‌లో డబ్బు పోగొట్టుకోవడమూ, ఇంట్లో కూర్చుని ఒక గేమ్ కొనుక్కుని ఆడుకోవడమూ ఒకటే అయిపోతున్నాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు పెట్టి ఆడేవాటిని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ని, అంటే ఆటల పోటీల్లా ఆడే గేమ్స్‌ని, గుర్తించింది, రెండిటినీ వేరుగానే చూసింది. మరి పేపర్లో ఎందుకు కలిపేస్తున్నారండీ?

సరే అసలు విషయానికి వస్తా. మా దగ్గర ఇప్పుడు టెన్త్, ఇంటర్ పాసయిన పిల్లలు అడిగేది పీఎస్ ఫైవ్, అంటే సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ ఫైవ్. టీవీకి తగిలించి గేమ్స్ ఆడే ఇలాంటి పెట్టెనే కన్సోల్ అంటారు. నాన్న ఒప్పుకోడు, నెల్లాళ్ళు అలుగుతారు, చివరికి అమ్మ సర్ది చెప్పి కొనిపిస్తుంది. నేను చాలా ఏళ్ళు దాని ముందు తరం పీఎస్ ఫోర్ ఆడి తర్వాత సిస్టమ్‌కి, అంటే కంప్యూటర్‌కి, మారినవాణ్ణి, రెండూ చూశాను కాబట్టి చెప్తున్నా, మా లాంటి ఊళ్ళో మా లాంటి ఇళ్ళకి కన్సోల్ కన్నా కంప్యూటరే మేలు, గ్రాఫిక్స్ కోసం మాత్రం కాదు. గ్రాఫిక్స్ గొడవ కుర్రాళ్ళు ఎలాగూ కొట్టుకుంటారు, దాన్ని వదిలేయండి.

ముందు డబ్బు లెక్క. పీఎస్ ఫైవ్ మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు 49,990 రూపాయలు, ఆ తర్వాత ఇంకా పెరిగింది. అదే డబ్బుకి దానంత బలమైన సిస్టమ్ రాదు, ఇది నిజం, దాచక్కర్లేదు. కన్సోల్ కంపెనీలు పెట్టె మీద పెద్దగా లాభం చూసుకోవు, తర్వాత మనం కొనే ప్రతి గేమ్‌లో వాళ్ళకి వాటా ఉంటుంది, అక్కడ రాబట్టుకుంటారు. సోనీ సొంత గేమ్ కొత్తది కొనాలంటే దాదాపు ఐదు వేలు. కొనుక్కున్న గేమ్‌లో ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఏడాదేడాదికి ఇంకో చందా, ఫోర్ట్‌నైట్ లాంటి ఫ్రీ గేమ్స్‌కి తప్ప. పీఎస్ త్రీ రోజుల్లో ఆన్‌లైన్‌కి పైసా తీసుకునేవాళ్ళు కాదు, పీఎస్ ఫోర్ నుంచి మొదలెట్టారు. సిస్టమ్‌లో ఆ చందా లేదు, నెట్ బిల్లు కట్టాక ఆన్‌లైన్ మనదే. సిస్టమ్ గేమ్స్ అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో 2015 నుంచి రేట్లు రూపాయల్లోనే ఉన్నాయి, వేసవికోసారి చలికాలంలోకోసారి పెద్ద సేల్ పెడతారు, ఆగిన వాడికి పాత పెద్ద గేమ్స్ సగానికీ పావుకీ దొరుకుతాయి, నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలు ఆడకముందే అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఎపిక్ స్టోర్ వాళ్ళయితే వారం వారం ఏదో ఒక గేమ్ ఊరికే ఇస్తారు, 2020 మేలో జీటీఏ ఫైవే ఊరికే ఇచ్చేశారు.

ఇంకో లెక్క ఏ షాపువాడూ చెప్పడు. పీఎస్ ఫైవ్ కొన్న ఇంట్లో ఏడాది తిరక్కుండా పిల్లాడు గుణుపురంలోనో వైజాగ్‌లోనో కాలేజీలో చేరతాడు, అప్పుడు లాప్‌టాప్ కావాలంటాడు, మళ్ళీ అప్పు. అదే మొదటే సిస్టమ్ కొని ఉంటే అందులోనే ప్రోగ్రామింగ్, అందులోనే ప్రాజెక్ట్ రిపోర్ట్, అందులోనే చెల్లికి ఆన్‌లైన్ అప్లికేషన్, నాన్నకి షాపు లెక్కలు. హాస్టల్‌కి సిస్టమ్ మోసుకెళ్ళలేడు కదా అని మా బాబాయి అన్నాడు, నిజమే, అలాంటోళ్ళకి గేమింగ్ లాప్‌టాప్ ఉంది, రేటు ఎక్కువ, వేడెక్కుతుంది, తర్వాత మార్చుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు, అయినా కన్సోల్ కన్నా దానికే నా ఓటు.

సిస్టమ్‌లో నాకు బాగా నచ్చేది అది విప్పదీసి చూసుకోవచ్చు. సిస్టమ్ పెట్టెని క్యాబినెట్ అంటారు, దాని పక్క డోర్‌కి రెండు స్క్రూలు, చేత్తో తిప్పితే వస్తాయి. లోపల ర్యామ్ అనే మెమరీ పట్టీ పెట్టే స్లాట్ చివర చిన్న క్లిప్పు ఉంటుంది, దాన్ని వెనక్కి నొక్కి, ర్యామ్ కింద ఉన్న గాటు స్లాట్‌లో గట్టుకి సరిపోయేట్టు పెట్టి, రెండు చివర్లా బొటనవేళ్ళతో సమానంగా నొక్కితే టక్ మని క్లిప్పు దానంతటదే పడుతుంది. పన్నెండేళ్ళ పిల్లాడు చేసే పని. మా మేనల్లుడికి నేనే చూపించా, ఇప్పుడు వీధిలో ఎవరి సిస్టమ్ స్లో అయినా వాణ్ణే పిలుస్తున్నారు. 8 జీబీతో మొదలెట్టి డబ్బు చేరాక 16 చేసుకోవచ్చు, తర్వాత ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు, ఆ తర్వాత గేమ్ బొమ్మల్ని తెర మీద గీసే గ్రాఫిక్స్ కార్డు. ఒకేసారి అంతా కొనక్కర్లేదు, మా లాంటి నెల జీతగాళ్ళకి ఇదే పెద్ద ఊరట. రేట్లు మాత్రం పైకీ కిందకీ ఆడతాయి. 2021లో క్రిప్టో మైనింగ్ వాళ్ళు, అంటే కంప్యూటర్లతో లెక్కలు చేయించి డిజిటల్ కరెన్సీ సంపాదించేవాళ్ళు, గ్రాఫిక్స్ కార్డులన్నీ ఊడ్చేస్తే మామూలోడికి దొరికేవే కాదు, 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే అలాంటి కరెన్సీ ఆ కార్డులు అక్కర్లేని పద్ధతికి మారాక ఆ పాత కార్డులు సెకండ్ హ్యాండ్‌లో కుప్పలు తెప్పలుగా వచ్చాయి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి ర్యామ్ రేట్లు మండిపోయాయి. ఎప్పుడు కొనాలి ఎప్పుడు ఆగాలి అనేది మా పెద్దోళ్ళకి తెలుగులో చెప్పేవాళ్ళెవరూ లేరు. బంగారం రేటు రోజూ వేస్తారు కదండీ, నెలకోసారి ఇదీ వేయొచ్చు.

కొన్న గేమ్ ఎన్నాళ్ళు మన దగ్గరుంటుంది అనేది కూడా చూడాలి. పీఎస్ త్రీ డిస్కు పీఎస్ ఫోర్‌లో ఆడదు, పీఎస్ ఫైవ్‌లోనూ ఆడదు. 2021లో సోనీ పీఎస్ త్రీ స్టోర్ మూసేస్తామంది, జనం గోల పెడితే ఆగింది. ఇంకో కన్సోల్ కంపెనీ నింటెండో 2023 మార్చిలో పాత మెషిన్ల స్టోర్ మూసేసింది, మైక్రోసాఫ్ట్ 2024 జులైలో తన పాత కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూసేసింది. మెషిన్ తరం మారినప్పుడల్లా మన అల్మారా ఖాళీ అయ్యే భయమే. సిస్టమ్‌లో చూడండి, మేం నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి ఆడిన వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ, ఇరవై ఏళ్ళు దాటినవి, ఇవాళ్టికీ ఆడుకోవచ్చు. స్టీమ్‌లో కొన్నదైనా మన సొంతం కాదు, వాడుకునే హక్కు మాత్రమే అని 2024 నుంచి వాళ్ళే కొనేటప్పుడు చూపిస్తున్నారు, అందుకని జాగ్రత్త పడేవాళ్ళకి జీఓజీ అని ఇంకో స్టోర్ ఉంది, అక్కడ కొన్న గేమ్ ఫైల్ మన హార్డ్ డిస్కులో దాచుకుంటే కంపెనీ వేసే తాళం గొడవ లేదు, ఎప్పుడైనా ఆడుకోవచ్చు. కన్సోల్ డిస్కుకి ఒక మంచి గుణం ఉంది, ఆడేసి ఇంకొకడికి అమ్ముకోవచ్చు, సిస్టమ్‌లో అది పోయింది, ఆ లోటు నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ డిస్కు పెట్టే చోటు లేని డిజిటల్ పీఎస్ ఫైవ్ కొని, డ్రైవ్ విడిగా తగిలించుకోకపోతే ఆ లాభమూ లేదు.

పిల్లల విషయంలో ఇంకొకటి చెప్పాలి, ఇది నేను కళ్ళారా చూసింది. మా మేనల్లుడు యూరో ట్రక్ సిమ్యులేటర్ ఆడతాడు. అందులో ఎవరో మన బస్సు మోడల్ చేసి పెట్టారు, దాన్ని మాడ్ అంటారు. వాడు ఆ మాడ్‌లో రంగుల ఫైల్ తీసి, ఫొటో ఎడిటర్‌లో తెరిచి, ఆర్టీసీ బస్సు రంగులు వేసి, ముందు అద్దం పైన బోర్డు మీద రాయగడ - పార్వతీపురం అని తెలుగులో రాశాడు. తెలుగు అక్షరాలు ఎక్కడెలా ఒత్తాలో వాళ్ళమ్మని అడిగి, కీబోర్డులో తెలుగు ఆన్ చేసుకుని రాశాడు. రెండు రోజులు పట్టింది, మొదట అక్షరాలు తిరగబడి కనిపించాయి, ఫైల్ తిప్పి మళ్ళీ పెట్టాడు. ఆ బస్సు వంతెన దాటుతుంటే వాళ్ళమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. ప్రపంచమంతా ఆడే కౌంటర్ స్ట్రైక్ కూడా ఇలాగే పుట్టింది, 1999లో ఇద్దరు కుర్రాళ్ళు హాఫ్ లైఫ్ గేమ్ మీద సరదాగా చేసిన మాడ్ అది. కన్సోల్‌లో ఇలా గేమ్ ఫైల్స్ విప్పి మార్చుకోడానికి తలుపే తెరవరు.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి, అవి కూడా రాయండి. మొదటిది కరెంటు. గాలివాన వస్తే మా దగ్గర లైట్లు ఓసారి మసకబారి ఓసారి భగ్గుమంటాయి. షాపువాళ్ళు క్యాబినెట్‌తో పాటు ఊరూ పేరూ లేని ఎస్ఎంపీఎస్, అంటే లోపలి పార్టులకి కరెంటు పంచే పెట్టె, వేసి ఇచ్చేస్తారు, అది పోతే పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోగలదు. ప్రాసెసర్ ఓ మెట్టు తగ్గించుకున్నా పర్లేదు, ఎస్ఎంపీఎస్ మాత్రం వారంటీ ఉన్న మంచి కంపెనీది, దాంతో ఒక యూపీఎస్, ఇవి రెండూ లేకుండా మా ఊళ్ళో గేమింగ్ సిస్టమ్ కొనొద్దు. రెండోది డౌన్‌లోడ్. రెడ్ డెడ్ రిడెంప్షన్ టూకే 150 జీబీ ఖాళీ కావాలి, రోజుకి రెండు జీబీ ఫోన్ డేటాతో అది ఏనాటికి దిగాలి? ఫైబర్ ఉన్న వాడింట్లో డౌన్‌లోడ్ చేసి, ఆ ఫోల్డర్ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, గుణుపురం బస్సులో ఫ్రెండ్‌కి పంపుతారు మా కుర్రాళ్ళు. వాడు తన స్టీమ్‌లో అదే గేమ్ ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైల్స్ సరిచూసుకుని తక్కువ పడ్డది మాత్రమే దింపుకుంటుంది. కాకపోతే ఆ గేమ్ వాడి అకౌంట్లో కూడా ఉండాలి, డోటా టూ లాంటి ఫ్రీ గేమ్స్‌కి ఆ ఇబ్బంది లేదు.

మూడోది, కొత్త గేమ్స్ కొన్ని కన్సోల్‌కే ముందొస్తాయి, జీటీఏ ఫైవ్ 2013లో అక్కడొస్తే సిస్టమ్‌కి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. గాడ్ ఆఫ్ వార్ 2018ది మనకి 2022లో దిగింది. ఆగే ఓపిక లేనివాడికి ఇది కష్టమే. కొన్నిసార్లు వచ్చినా సరిగా రాదు, 2023లో లాస్ట్ ఆఫ్ అస్ సిస్టమ్‌కి వచ్చినప్పుడు ఆగిపోతూ ఆగిపోతూ నడిచింది. ఆన్‌లైన్ షూటింగ్ గేమ్స్‌లో చీటింగ్ చేసేవాళ్ళ బెడద కూడా సిస్టమ్‌లోనే ఎక్కువ. సెకండ్ హ్యాండ్ ఆఫీస్ సిస్టమ్ చవగ్గా వస్తుందని కొనేవాళ్ళకి ఒక ముక్క, విండోస్ టెన్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లు దాదాపు వేటికీ విండోస్ ఎలెవెన్ అధికారికంగా రాదు, షాపులో ముందు అదే అడగాలి.

కుర్చీలో వంగి కూర్చుని ఎవరాడతారు, టీవీ ముందు పడుకుని ఆడితేనే మజా అంటారు కన్సోల్ వాళ్ళు. సిస్టమ్‌కి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి అదే టీవీకి తగిలించొచ్చు, నా పాత పీఎస్ ఫోర్ రిమోట్ ఇప్పుడు సిస్టమ్‌కే వాడుతున్నా, స్టీమ్ దాన్ని చక్కగా గుర్తుపడుతుంది. ఫుట్‌బాల్, కారు రేసులు దాంతోనే బాగుంటాయి, తుపాకీ గేమ్స్‌కి మాత్రం మౌస్‌కి సాటి లేదు, చెయ్యి అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి అంతే.

ఇక మా ఊరి నుంచి కొనడం ఎలాగంటే, చాలామందిమి వైజాగ్ వెళ్ళే కొంటాం, కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో క్యాబినెట్ పెట్టుకుని వస్తాం. తెలియనివాళ్ళు గ్రాఫిక్స్ కార్డు లోపలే ఉంచి తెస్తారు, పార్వతీపురం దాటేసరికి ఆ కుదుపులకి బరువైన కార్డు స్లాట్‌ని లాగేస్తుంది. బయల్దేరే ముందు షాపులోనే దాన్ని తీయించి దాని డబ్బాలో పెట్టించి ఒళ్ళో పెట్టుకోవాలి. ఇలాంటి సంగతులు ఏ ఇంగ్లీష్ వీడియోలోనూ ఉండవండీ, మా రైలు గురించి వాళ్ళకేం తెలుసు.

అందుకని నా విన్నపం, వారానికో అరపేజీ ఇవ్వండి. కంపెనీలు పంపే కొత్త ఫోన్ల ప్రకటనల్లాంటి వార్తలు వద్దు. ఇంత డబ్బుంటే ఏ సిస్టమ్ వస్తుంది, బిల్లులో ఏ పార్టుకి ఎంత వారంటీ రాయించుకోవాలి, పిల్లాడు ఏ వయసులో ఏ గేమ్ ఆడొచ్చు, ఆడే టైముకి హద్దు సిస్టమ్‌లో ఎక్కడ పెట్టాలి, ఇవి రాయండి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురంలో కూర్చుని చదివే తండ్రికి అర్థమయ్యేలా, మా వైపు కరెంటుకీ మా వైపు నెట్‌కీ సరిపోయేలా రాయండి. మొదటి వారం ఎస్ఎంపీఎస్‌తో మొదలెట్టండి, వానలు మొదలవకముందే.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాయగడ, ఒడిశా