పేరు రాయొద్దన్న అమ్మకు, పలాస ఆడవాళ్ల తరఫున

పలాస-కాశీబుగ్గలో జీడి పిక్కలు కొట్టే, పప్పు ఒలిచే ఆడవాళ్ల సంఘం తరఫున ఈ పోస్టు. మాకు అండగా నిలిచిన ఒకావిడ ఈ నెలాఖరున రిటైర్ అవుతున్నారు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి అమ్మ అనే రాస్తున్నాను. ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేసే సంఘాలకు డబ్బు సమకూర్చడమే ఇన్నేళ్లూ ఆవిడ చేసిన ఉద్యోగం.

అంతకుముందూ మాకు సాయం చేసినవాళ్లున్నారు. కుట్టుమిషన్లిచ్చి, బ్యానర్ కట్టి ఫొటోలు తీసుకెళ్లారు. మా సంఘం గది అద్దె, కరెంటు బిల్లు, శ్రీకాకుళం వెళ్లొచ్చే బస్సు చార్జీ మాత్రం ఎవరి లెక్కలోనూ పట్టేవి కావు. అమ్మ వస్తూనే అడిగింది వాటి గురించే. "మాకేటి కావాలో మమ్మల్నే అడిగిన మడిసి ఈయమ్మే" అని మా పెద్దామె ఇప్పటికీ అంటుంది.

పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టాన్ని ఆ గదిలోనే చదువుకున్నాం. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట యజమాని కమిటీ వేయాలి. అంతకు తక్కువుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. చిన్న చిన్న చోట్ల పనిచేసే మావాళ్లకు ఇదే దిక్కు. మూడు నెలల్లోపు రాసివ్వాలి. రాయలేని మనిషికి రాయడంలో సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. వేలిముద్రలవాళ్లం, మనకెందుకని వెనక్కి తగ్గినవాళ్లు ఈ ఒక్క ముక్క విని ముందుకొచ్చారు. ఒక మేస్త్రీ మీద ఫిర్యాదు అక్కడిదాకా వెళ్లింది కూడా. వివరాలు రాయను, ఆ పిల్ల బతుకు ఆ పిల్లది.

2020లో విదేశీ విరాళాల చట్టం మారింది. ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థల చేతిమీదుగా మాకొచ్చేది ఆగిపోయింది. ఒకటే టెన్షన్. అమ్మ ఫోన్ పట్టుకుని విశాఖలో, హైదరాబాద్‌లో స్థిరపడ్డ మన జిల్లావాళ్లను అడిగారు. గుడికి ఇచ్చినంత సులువుగా ఆడవాళ్ల కేసులకు మనవాళ్ల చెయ్యి జేబులోకి పోదు, ఉన్నమాటే చెప్తున్నా. అయినా ఇచ్చారు. వాళ్లకూ దండాలు.

అద్దె ఆలస్యమైనా అడగని ఇంటి బాబాయికి, న్యాయ సేవాధికార సంస్థ తరఫున పైసా తీసుకోకుండా నిలబడ్డ లాయరమ్మకు కూడా. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ లాయర్ని ఇస్తారు, తెలియనివాళ్లకు చెప్పండి.

అమ్మా, రిటైర్ అయినా లెక్కల పుస్తకం మీకు చూపించాల్సిందే అంటున్నారు మావాళ్లు. సంక్రాంతి వెళ్లాక రండి. పలాసలో రైలు దిగేముందు ఫోన్ చెయ్యండి, స్టేషన్‌కి వస్తాం.