శీర్షికలోనే విషయం తెలియాలి: సరిహద్దు పాఠకుల విన్నపం

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో మాకు ఒక చిన్న పుస్తకాల దుకాణం ఉంది. నోటు పుస్తకాలు, పెన్నులతో పాటు, సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం మీదుగా వచ్చే తెలుగు దినపత్రికలను కూడా అమ్ముతాము. బల్ల మీద పరిచిన పత్రికను ఎవరు ఎంతవరకు చదువుతున్నారో రోజూ కళ్లారా చూస్తుంటాను కనుక, వార్తల శీర్షికల గురించి కొన్ని విషయాలు మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. పత్రిక కొనుక్కుని ఇంటికి తీసుకువెళ్లేవారికంటే, నిలబడి పెద్ద అక్షరాలు చూసి పని మీద వెళ్లిపోయేవారే ఎక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకునే పిల్లలు తాతయ్యలతో వచ్చినప్పుడు కూడబలుక్కుని చదివేది కూడా ఆ పెద్ద అక్షరాలనే. వీరిలో చాలామందికి ఆ రోజు అందే వార్త మొత్తం శీర్షికలోనే ఉంటుంది.

"రాష్ట్రవ్యాప్తంగా రేపు పాఠశాలలకు సెలవు" అన్న శీర్షిక శ్రీకాకుళంలో చదివేవారిని ఇబ్బంది పెట్టదు. మా ఊళ్లో మాత్రం అది ఏ రాష్ట్రమని అడిగేవారు తప్పకుండా ఉంటారు, ఎందుకంటే ఇటువైపు ఇల్లు, అటువైపు పొలం ఉన్న కుటుంబాలు, అక్కను అటు ఇచ్చి వదినను ఇటు తెచ్చుకున్న కుటుంబాలు మా చుట్టూ ఎన్నో. "ముఖ్యమంత్రి హామీ", "ధాన్యం కొనుగోలుకు ప్రభుత్వం సిద్ధం" వంటి శీర్షికలతోనూ ఇదే చిక్కు. "ఏపీలో" అనో "ఒడిశాలో" అనో ఒక్క మాట చేరిస్తే ఈ అయోమయం తొలగిపోతుంది. సరిహద్దు మండలాలకు వచ్చే జిల్లా పేజీలలోనైనా ఇది నియమంగా పెట్టుకోవాలని కోరుతున్నాను.

ఇంతకంటే పెద్ద సమస్య విభక్తిని వదిలేయడం. సింగిల్ కాలమ్‌లో రెండు వరుసలకు నాలుగైదు మాటలకు మించి పట్టవని, ప్రత్యయాలు చేరేకొద్దీ తెలుగు మాట పొడవు పెరుగుతుందని, అర్ధరాత్రి వేళ డెస్కు మీద ఉన్న ఉపసంపాదకులకు ఇది ఎంత కష్టమో నేను ఊహించగలను. అయినా, ఆంధ్రప్రదేశ్, ఒడిశాల మధ్య వివాదంలో ఉన్న కొఠియా గ్రామాల వార్తకు "ఒడిశా అధికారుల అడ్డగింత" అని శీర్షిక పెడితే అడ్డుకున్నది ఒడిశా అధికారులా, లేక వారినే ఎవరైనా అడ్డుకున్నారా అన్నది ఎలా తెలుస్తుంది? ఆ గ్రామాలపై 1968లోనే సుప్రీంకోర్టులో దావా పడింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. అంత సున్నితమైన చోటి వార్త తలకిందులుగా అర్థమైతే, టీ దుకాణం దగ్గర అప్పటిదాకా కలిసి కూర్చున్న తెలుగు, ఒడియా స్నేహితుల మధ్య మాటామాటా పెరుగుతుంది. "అధికారులను అడ్డుకున్న గ్రామస్థులు" అంటే ఎవరు ఎవరిని అడ్డుకున్నారో చక్కగా తెలుస్తుంది. "పోలీసుల దాడి", "పోలీసులపై దాడి" అన్న రెండింటి మధ్య తేడా ఒక్క "పై" మాత్రమే, కానీ ఆ ఒక్క ప్రత్యయాన్ని వదిలేసినందువల్ల నిందితులు బాధితులుగా, బాధితులు నిందితులుగా మారిపోతారు.

తుపాను వార్తల విషయం మరీ ముఖ్యమైనది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. తీరప్రాంత పాఠకులు "తీరం దాటిన తుపాను" అన్న శీర్షిక చూసి ప్రమాదం గడిచిందని అనుకోవడం సహజం. కానీ మా కొండ ప్రాంతాలకు అసలు గండం ఆ తర్వాతే మొదలైంది. కుండపోత వర్షాలకు కొండచరియలు విరిగిపడి, మా జిల్లాలోని బరఘరా గ్రామంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఏ తుపాను తీరం దాటినా, "తీరం దాటిన తుపాను" కింద ఉపశీర్షికగానైనా "కొండ ప్రాంతాలకు భారీ వర్ష సూచన" అని వేస్తే, ఊరు విడిచి సురక్షితమైన చోటికి వెళ్లాలో వద్దో ఆలోచించుకోవడానికి గిరిజన గ్రామాలవారికి ఒక ఆధారం దొరుకుతుంది.

వరద వార్తలకు తరచూ పెట్టే "ఉగ్రరూపం" అనే మాట కూడా ఇటువంటిదే. వంశధార నది ఒడిశాలోని గుణుపూర్, కాశీనగర్ మీదుగా పారి, ఆంధ్రప్రదేశ్‌లోని హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకి చేరుతుంది. ఎగువన ఉన్నవారికి కావలసిన సమాచారం ఒకటి, దిగువన ఉన్నవారికి కావలసినది మరొకటి. "వంశధార ఉగ్రరూపం" ఇద్దరినీ భయపెడుతుంది, ఏం చేయాలో ఇద్దరికీ చెప్పదు. "గొట్టా వద్ద రెండో ప్రమాద హెచ్చరిక" అన్న శీర్షికలో స్థలం, తీవ్రత రెండూ ఉన్నాయి, చోటు కూడా మరీ ఎక్కువ పట్టదు. అదే నదిపై ప్రతిపాదించిన నేరడి బ్యారేజీ వార్తలకు "లైన్ క్లియర్" అని పెట్టడం నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. 2010లో ఏర్పాటైన వంశధార జలవివాదాల ట్రైబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చిన మాట నిజమే, అయితే తీర్పు రావడం వేరు, పనులు మొదలుకావడం వేరు. పైగా అటువైపు రైతుకు ఆశగా కనిపించే ఆ రెండు మాటలే ముంపు భయం ఉన్న ఇటువైపు రైతుకు దిగులుగా తోస్తాయి.

శీర్షిక తన కింద ఉన్న వార్తకు న్యాయం చేయాలని, ఆరోపణలను శీర్షికలో వేసేటప్పుడు అవి ఎవరివో తెలపాలని లేదా కనీసం ఉటంకింపు గుర్తులలో ఉంచాలని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. నిర్ధారణ కాని విషయాన్ని ప్రశ్నార్థకం చాటున అచ్చువేయడం ఆ నియమం స్ఫూర్తికి విరుద్ధమని నా అభిప్రాయం.

ప్రాసతో కూడిన శీర్షికలంటే నాకు ఇష్టమే. ఆటల పేజీలో, జాతర వార్తలలో అవి అందంగా ఉంటాయి, పిల్లలు గుర్తుపెట్టుకుని మరీ చెబుతారు. మరణ వార్తకు, ప్రమాద వార్తకు మాత్రం ప్రాస వద్దు. అలాగే "కలకలం", "దుమారం", "రచ్చ" వంటి మాటలను తగ్గించమని వేడుకుంటున్నాను. మా వీధిలో దొంగతనం జరిగితే ఫలానా వారింట్లో దొంగలు పడ్డారని చెప్పుకుంటాము తప్ప కలకలం రేగిందని ఎవరూ చెప్పుకోరు. జనం మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు గారు దశాబ్దాల పాటు పోరాడింది పర్లాకిమిడిలో ఉండే కదా!

జిల్లా పేజీ అచ్చుకు వెళ్లే ముందు సరిహద్దు ప్రాంత విలేకరి ఒకరికి శీర్షికలు మాత్రం ఫోన్‌లో చదివి వినిపించే ఏర్పాటు చేస్తే, నేను పైన చెప్పిన పొరపాట్లలో చాలా వరకు అక్కడే ఆగిపోతాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మూడూ అక్టోబరు రెండో వారంలోనే మా ప్రాంతం మీదికి వచ్చాయి కనుక, కనీసం తుపాను, వరద వార్తల శీర్షికల వరకైనా ఈ మార్పులను సెప్టెంబరు లోపే అమలులోకి తేవాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.