దారెస్సలాం నుంచి నాన్నకి, ఒక నోటు గురించి

నాన్నా,

ఎలా ఉన్నావు? బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నావని అమ్మ చెప్పింది, సంతోషం. అమ్మని మోకాలికి ఎక్స్‌రే తీయించుకోమను, వాయిదా వేయొద్దని గట్టిగా చెప్పు. ఇక్కడ వానలు మొదలయ్యాయి, ఆఫీసు పని మామూలే. ఈ సంగతి ఫోన్‌లో చెబితే తృప్తిగా ఉండదనిపించి రాస్తున్నా. 35 ఏళ్లు క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నవాడివి, నీకు తప్ప ఇంకెవరికి చెప్పాలి?

మా ఇంటి ఓనరు గుజరాతీ ముసలాయన అని చెప్పాను కదా, దాదాజీ అని పిలుస్తాం. వాళ్ల తాతల కాలం నుంచీ ఇక్కడే, టాంజానియాలోనే ఉన్నారు. మా నాన్న బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాడని మాటల్లో చెప్పానో లేదో, లోపలికి వెళ్లి పాత రేకుపెట్టె తెచ్చి, ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. 5 రూపాయల నోటు. 1917లోది, జర్మన్ వాళ్లది.

నువ్వైతే నోటు చేతిలో పడగానే ముందు వేళ్లతో నలిపి చూస్తావు, తర్వాత లైటుకి పెట్టి చూస్తావు. నేనూ అలాగే చేశాను. ఇందులో వాటర్‌మార్కు లేదు, దారం లేదు, బొమ్మ లేదు. మందపాటి ముతక కాగితం, దాని మీద జర్మన్‌లో నాలుగు వరుసల అక్షరాలు, అవి కూడా తిన్నగా లేవు, ఒకటి పైకి ఒకటి కిందకి. కింద సిరాతో సంతకాలు. పిల్లలు ఆడుకునే రబ్బరు అక్షరాల సెట్టు ఉంటుంది చూడు, అలాంటి దాంతో ఒక్కో నోటూ కొట్టారట. వీటిని అడవి నోట్లు అంటారు. పట్టణాలూ ప్రెస్సులూ చేజారిపోయాక, ఊరూరా తిరుగుతూ చేసిన డబ్బు.

రూపాయలేమిటి, జర్మన్ వాళ్లకి మార్కులు కదా అని అడుగుతావు, నేనూ అదే అడిగాను. ఈ తీరమంతా వాళ్లు రాకముందు నుంచే మన వెండి రూపాయి నడిచేది, హిందూ మహాసముద్రం వ్యాపారమంతా దానితోనే. ఇప్పటి టాంజానియా, రువాండా, బురుండి కలిపి జర్మన్ తూర్పు ఆఫ్రికా అని పెట్టుకున్నాక కూడా వాళ్లు దాన్ని కాదనలేకపోయారు, 1890 నుంచి మన రూపాయి బరువుతోనే వాళ్ల చక్రవర్తి కైసర్ బొమ్మ వేసి సొంత రూపాయి కొట్టించారు. మొదట రూపాయికి 64 పెసలు, అంటే మన పాత పైసలే. 1904లో దాన్ని మార్చి రూపాయికి 100 హెల్లర్లు చేశారు. ఇప్పుడు విను. స్వాహిలీలో డబ్బుని ఈ రోజుకీ పెసా అంటారు, హెలా అని కూడా అంటారు. ఆటోవాడు "హెలా లేదు" అంటే ఏదో యాస అనుకునేదాన్ని, అది జర్మన్ చిల్లర పేరట! కొట్టుని డుకా అంటారు, అది మన దుకాణమే.

ఈ నోట్ల అవసరం ఎందుకొచ్చిందంటే, ఇక్కడి నోట్లు జర్మనీలోని లైప్జిగ్‌లో అచ్చయ్యేవి, నాణేలూ అక్కణ్ణుంచి ఓడలోనే రావాలి. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఇంగ్లీషు నౌకలు తీరాన్ని దిగ్బంధం చేశాయి, సరుకు రాదు, డబ్బూ రాదు. ఇంకోపక్క జనం వెండి రూపాయలు బయటికి తీయడం మానేశారు. నీకు నేను చెప్పాలా, భయం పుట్టినప్పుడు ముందు మాయమయ్యేది గట్టి డబ్బే. కానీ సిపాయిలకి జీతం ఇవ్వాలి, కూలీలకి ఇవ్వాలి, ఊళ్లలో ధాన్యం కొనాలి. అందుకని 1915 మార్చి నుంచి జర్మన్ తూర్పు ఆఫ్రికా బ్యాంకు దారెస్సలాంలోనే తాత్కాలిక నోట్లు అచ్చు వేయించడం మొదలుపెట్టింది. అంతకుముందు వాళ్ల బ్యాంకు నోట్లలో అన్నిటికంటే చిన్నది 5 రూపాయలది. ఈసారి ఒక్క రూపాయి నోటూ వేయాల్సి వచ్చింది, వెండి బిళ్ల ఉండాల్సిన చోట కాగితం.

తర్వాత సర్కారు రైలు దారిలో లోపలికి, తబోరాకి తరలింది. అక్కడి రైల్వే వర్క్‌షాపులో 1916లో ఇత్తడి చిల్లర కొట్టారు, బంగారంతో 15 రూపాయల నాణెం కూడా కొట్టారు, దాని మీద ఏనుగు, వెనకాల కొండ. అది ఈ రోజుల్లో లక్షలు పలుకుతుందట, ఫోటోలో చూశాను, ఎంత అందంగా ఉందో. కానీ నా మనసు మాత్రం ఆ ముతక కాగితం దగ్గరే ఆగిపోయింది. 1916 సెప్టెంబరులోనే దారెస్సలాం ఇంగ్లీషు వాళ్ల చేతికి, తబోరా బెల్జియం వాళ్ల చేతికి పోయాయి. అక్కణ్ణుంచి మిగిలిన జర్మన్ సైన్యం దక్షిణానికి జరుగుతూ ఈ అడవి నోట్లు ఇస్తూ పోయింది.

దాదాజీ వాళ్ల తాతకి అప్పట్లో దక్షిణాన మసాసి వైపు చిన్న డుకా ఉండేదట, బట్ట, ఉప్పు, కిరసనాయిలు అమ్మేవాడు. సైన్యం వాళ్లు వచ్చి కొట్టంతా ఊడ్చుకుపోయి ఇలాంటి కాగితాల కట్ట చేతిలో పెట్టారు. వద్దంటే ఊరుకునే రోజులు కావు. 1917 నవంబరులో ఆ సైన్యం రువుమా నది దాటి పోర్చుగీసు వాళ్ల నేలలోకి, అంటే ఇప్పటి మొజాంబిక్‌లోకి వెళ్లిపోయింది. వెనకాలే వచ్చిన ఇంగ్లీషు వాళ్లు ఆ నోటు తీసుకోలేదు, తర్వాత కూడా ఎవరూ తీసుకోలేదు. కొట్టువాడికి పెట్టెలో ఇంకేదైనా ఉండి ఉంటుంది నాన్నా. మూటలు మోసిన మనిషి సంగతి? ఊళ్లలోంచి పట్టుకొచ్చి బరువులు మోయించి, చివరికి ఈ కాగితం ఇస్తే, వాడు దాన్ని ఏం చేసుకున్నాడు? ఇంగ్లీషు వైపు కూలీలే దాదాపు 95,000 మంది చచ్చిపోయారని లెక్క ఉంది, ఎక్కువమంది తుపాకీకి కాదు, రోగాలకి, ఆకలికి. నేను కూరగాయలు కొనే కరియాకూ బజారుకి ఆ పేరు ఇంగ్లీషు వాళ్ల క్యారియర్ కోర్ నుంచే వచ్చింది, ఆ కూలీల క్యాంపు ఉన్న చోటు అది. ఇన్నాళ్లూ టమాటాలు బేరమాడి వచ్చేశాను, ఈ శనివారం వెళ్తే చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంకో సంగతి నిన్ను కదిలిస్తుంది. 1914 నవంబరులో ఇక్కడి టాంగా రేవు పట్టుకోవాలని ఇంగ్లీషు వాళ్లు ఇండియా నుంచి సైన్యం దింపి ఘోరంగా ఓడిపోయారు. అందులో 98వ పదాతి దళం ఒకటి, అంతకుముందు అది నిజాం ఖర్చుతో ఇంగ్లీషు వాళ్లు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యంలోది. తూటాల మధ్యలో తేనెటీగలు లేచి వాళ్ల మీద పడ్డాయట. మద్రాసు పయనీర్లూ, అంటే సైన్యానికి దారులు వేసే దళం వాళ్లూ ఉన్నారు. మనవాళ్లెవరైనా ఉన్నారేమో అని టాంగా వెళ్లినప్పుడు అక్కడి భారతీయ సైనికుల స్మారకం దగ్గర పేర్లు చదువుతా, నీకు చెబుతా.

నోటు చేతిలో ఉన్నంతసేపూ నాకు నానమ్మే గుర్తొచ్చింది. 2016 నవంబరులో నువ్వు అర్ధరాత్రి దాకా నోట్లు లెక్కపెట్టి ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకునేవాడివి. అదంతా అయిపోయాక ఎండాకాలంలో కదా, పోపుల డబ్బా అడుగున గుడ్డలో చుట్టి తొమ్మిది 500 నోట్లు బయటపడ్డాయి. "నా కొడుకు బ్యాంకులోనే కదా, మార్పిస్తాడులే" అని ఆవిడ నీ చేతికిస్తే నువ్వు ఏమీ అనలేక, సొంత డబ్బు కొత్త నోట్లు తెచ్చి ఇచ్చావు. నాకు తెలుసని నీకు తెలియదు.

ఆ తొమ్మిదీ బీరువాలో నీ సర్వీసు కాగితాల కింద ఉండాలి. పారేయకు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒకటి నాకు కావాలి, దాదాజీకి చూపిస్తానని మాటిచ్చాను. ఆయన నోటు ఫోటో పంపుతున్నా, నీ భూతద్దం పెట్టి చూసి ఆ సంతకాలు ఒకే చేతివో రెండు చేతులవో చెప్పు, నాకు అర్థం కావట్లేదు.

అమ్మకి చెప్పు, ఆవకాయ అయిపోవచ్చింది.

నీ,
చిన్ని